మిరపకాయ దగ్గు అనుకున్నాను

పోయిన నెల మా సబ్ సెంటర్‌లో నా తర్వాత చేరిన అమ్మాయి మా ఇంటికి వచ్చింది. వయసు ఇరవై మూడో నాలుగో ఉంటుంది. టీ ఇస్తే తాగి, కప్పు తనే కడిగి పెట్టి, అప్పుడు అడిగింది.

"సిస్టర్, రిజిస్టర్లు రాసేది నేర్చుకున్నా. సూదులు వేసేదీ వస్తాది. పొద్దున్నే బ్యాగు తగిలించుకొని ఊర్లోకి పోతే మాత్రం ఏం చేయాల్నో తెలుస్తా లేదు. ట్రైనింగులో అది చెప్పల్యా."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. రిటైరై ఏడాదిన్నర అవుతోంది. పింఛను సరిగ్గా వస్తోందా అని అడిగినవాళ్ళే గాని, ఈ ప్రశ్న అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ పిల్లకు ఆ రోజు ఏదో నోటికొచ్చింది చెప్పి పంపాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అందుకని ఇది రాస్తున్నాను.

నా పేరు సువార్తమ్మ. బళ్లారిలో పాత మిషన్ సంఘం కుటుంబం మాది. మా అమ్మ ఆస్పత్రిలో ఆయాగా చేసింది. నేను ఊళ్ళు తిరిగే నర్సుగా ముప్పై నాలుగేళ్ళు చేశాను. మంచి నర్సునే. ఆ మాట అనుకోవడానికి నాకేం మొహమాటం లేదు. చీకట్లో కూడా బిడ్డ తొడలో సూది సరిగ్గా వేయగలను. అయినా ఇక్కడ చెప్పబోయేది నేను పప్పులో కాలేసిన సంగతి. ఆ తప్పు వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. నా ఉద్యోగం ఏమిటో నాకు సరిగ్గా అర్థమైంది కూడా అప్పుడే.

రాజమ్మ మేడం

నా మొదటి పైఅధికారి రాజమ్మ మేడం. లేడీ హెల్త్ విజిటర్. భారీ మనిషి, నోరు అంతకంటే భారీ. నేను చేరిన కొత్తలో పసిపిల్లల సూదులకని ఒక పల్లెకు పోయి, పదకొండు ఇళ్ళ పేర్ల పక్కన "తాళం" అని రాసుకొని మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. ఆమె ఆ కాగితం చూసి కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఎన్ని గంటలకు పోయినావు?"

"పదకొండుకు మేడం."

"పదకొండు గంటలకు నీ ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు మేడం. నేను డ్యూటీలో ఉంటా, ఆయన స్కూలుకు పోతారు."

"మరి నీ ఇంటికొచ్చి ఎవరన్నా తాళం అని రాసుకొని పోతే నువ్వు ఊరుకుంటావా?"

మర్నాడు తెల్లవారక ముందే నన్ను లేపి ఆ పల్లెకు తీసుకుపోయింది. పదకొండు ఇళ్ళలోనూ మనుషులున్నారు. అందరూ పనికి బయలుదేరే హడావిడిలో ఉన్నారు. ఒకామె జొన్నరొట్టె తడుతూనే మోకాలితో బిడ్డను అదిమి పట్టుకుంది, నేను సూది వేశాను. అంత తొందరలో కూడా నాకు సగం రొట్టె చేతిలో పెట్టింది.

ఆ పాఠం నేను ఇరవై ఏళ్ళు మరిచిపోలేదు. తర్వాత స్కూటర్ వచ్చింది, సీనియారిటీ వచ్చింది, మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. పది దాటితే గాని గడప దాటని అలవాటూ వచ్చింది. ఎవరూ అడగలేదు. రాజమ్మ మేడం అప్పటికే కాలం చేసింది. ఉండుంటే వీపు విమానం మోత మోగించేది.

క్యాంపు, కాలనీ

చివరి పదేళ్ళు నాకిచ్చిన చోటు సంగనకల్లు గుట్ట కనబడేంత దూరంలో ఉంటుంది. మధ్యలో కాలువ. కాలువ కింద వరి మడులు, మిరప చేలు. అవి ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడిన రైతులవి. వాళ్ళ ఇళ్ళున్న చోటును మా వైపు క్యాంపు అంటాం. కాలువకు ఈవల కాలనీ. అన్నీ ఒక్క గది ఇళ్ళు. మగవాళ్ళు టెంపోలెక్కి తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ వైపు కాంట్రాక్టు పనులకు పోతారు. ఆడవాళ్ళు గోడౌన్లలో మిరపకాయల తొడిమలు తీస్తారు. పని మిగిలితే మూట ఇంటికి తెచ్చుకొని వంట చేస్తూ కూడా తీస్తారు. కాలనీ అంతటికీ కొళాయి ఒక్కటే, రోడ్డు పక్కన మలుపులో.

కరోనా వచ్చింది. మా డాక్టరు బసవరాజ్ సార్ చిన్నవాడు. కన్నడం మనిషి, తెలుగు అర్థమవుతుంది. నేను పనిచేసిన పన్నెండు మంది డాక్టర్లలో అంత కష్టపడినవాణ్ణి చూడలేదు. పై నుంచి వచ్చిన లెక్కలు ఫోన్‌లో చూపించేవాడు. ఏ ఊళ్ళో జనం ఎంత కదులుతున్నారో రంగుల్లో ఉండేది. క్యాంపు పచ్చగా ఉండేది, కాలనీ ఎర్రగా ఉండేది.

"సిస్టర్, ఈ జనక్కె ఎష్టు చెప్పినా ఎందుకు వినరు? క్యాంపు వాళ్ళు ఎంత చక్కగా ఇంట్లో ఉన్నారు!" అనేవాడు.

అవును మరి, చక్కగానే ఉన్నారు. క్యాంపులో సుబ్బారావు గారికి పాజిటివ్ వస్తే మేడ మీద గదిలోకి పోయాడు. అందులోనే బాత్రూము. కోడలు గుమ్మం ముందు పళ్ళెం పెట్టి తలుపు తట్టి కిందికి పోయేది. పూటపూటకీ జ్వరం ఎంతుందో నాకు ఫోన్లో చెప్పేవాడు. "తొంభై తొమ్మిదండీ సిస్టర్ గారూ. మీరు రావద్దు, నేనే చెప్తాను కదండీ" అనేవాడు. చాలా మర్యాదస్తుడు. ఆయన పేరు పక్కన "పూర్తి సహకారం" అని రాశాను.

కాలనీలో పదిన్నరకు పోతే తలుపులకు తాళాలు. ఇంటికి ఒకరు పాజిటివ్ ఉన్నా మిగతా ఆరుగురు బయటే. నాకు ఒళ్ళు మండింది. ఆ పేర్ల పక్కన కన్నడలో, చక్కటి గుండ్రటి అక్షరాలతో, "ఇంట్లో లేరు, తిరుగుతున్నారు" అని రాశాను. ఒకటి కాదు, పేజీ మొత్తం రాశాను.

నా కాగితం పైకి పోయింది. నాలుగో రోజుకు కాలనీని సీల్ డౌన్ చేశారు. వీధి మొదట్లో కట్టెలు అడ్డం కట్టి, ఎర్ర రిబ్బన్ చుట్టారు. కొళాయి ఆ కట్టెలకు ఆవల పడింది.

ఆడవాళ్ళు బిందెలు పట్టుకొని కట్టెల కింద దూరి పోయేవాళ్ళు, మళ్ళీ దూరి వచ్చేవాళ్ళు. ఎవరో వీడియో తీశారు. అది ఫోన్లలో తిరిగింది. బుద్ధి లేని జనం అని కింద అందరూ రాశారు. నేనూ ఆ వీడియో చూసి మా ఆశా కార్యకర్త హుసేన్‌బీ ముందు నోరు పారేసుకున్నాను. హుసేన్‌బీ కాలనీ పక్క వీధిలోనే పుట్టి పెరిగింది. నన్ను చూసి ఊరికే చున్నీ సర్దుకుంది.

కట్టెల దగ్గర ఒకామె నన్ను నిలదీసింది. ఆమె తిప్పమ్మ. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, సన్నటి మనిషి. మొగుడు పోయాక తొడిమలు తీసే పనితోనే కూతురికి పెళ్ళి చేసింది. ఆ కూతురి ఇద్దరు బిడ్డలూ నా చేతుల మీదనే పుట్టారు. అందుకని నేను తిప్పక్కా అంటాను. ఆ రోజు ఆమె బిందె చంకన పెట్టుకొని అడిగింది.

"సిస్టరమ్మా, నీళ్ళు ఆడుండాయి. మేము ఈడుండాం. నడాన కట్టె. నువ్వే చెప్పు, ఏం చేయాల?"

"రూలు రూలే తిప్పక్కా" అన్నాను. ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసి నేను చెప్పగలిగింది అది. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటుంది.

దగ్గు

మరుసటి ఏడు రెండో అల వచ్చింది. అది మొదటిదానిలా లేదు. ఫోన్ మోగితే గుండె దడ పట్టేది.

ఇక్కడ మిరపకాయల సంగతి చెప్పాలి. తొడిమలు తీసేవాళ్ళు ఏడాదిలో ఆరు నెలలు దగ్గుతూనే ఉంటారు. కొత్త మూట విప్పగానే ఘాటు ముక్కుకు ఎక్కుతుంది, అందరూ తుమ్ముతారు. తర్వాత రోజంతా గొంతు గరగర. కాలనీలోకి అడుగు పెడితే ప్రతి ఇంట్లోంచీ దగ్గు వినబడుతుంది. దానికి మేము పెట్టుకున్న పేరు మిరపకాయ దగ్గు. నాకంటే ముందు పనిచేసిన నర్సు నాకు చెప్పింది, నేను హుసేన్‌బీకి చెప్పాను. మా దగ్గర అది జబ్బు కింద లెక్క కాదు.

సర్వేలో అడగమన్న మొదటి ప్రశ్న, దగ్గుందా అని. కాలనీలో ఆ ప్రశ్నకు అర్థమే లేదు. ఉందంటే అందరికీ ఉంది. అందుకని నేను తెలివి ప్రదర్శించాను. జ్వరం లేకపోతే "మిరపకాయ దగ్గు" అని రాసుకొని పక్క ఇంటికి పోవడం మొదలుపెట్టాను.

ఒక రోజు పదిన్నరకు పోతే తిప్పక్క ఇంటి తలుపు తెరిచి ఉంది. గోడకు ఆనుకొని కూర్చుని దగ్గుతోంది. పక్కన సగం తీసిన మూట.

"ఏం తిప్పక్కా, పనికి పోలేదా?"

"ఒళ్ళు బరువుగా ఉండాది సిస్టరమ్మా."

నుదురు ముట్టుకుంటే వేడి లేదు. "మిరపకాయ దగ్గులే, వేడినీళ్ళు తాగు" అని నాలుగు మాత్రలిచ్చి లేచాను. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషను నా బ్యాగులోనే ఉంది. తీయలేదు. ఆ పూట ఇంకా నలభై ఇళ్ళున్నాయి. ఆలోచించండి, నలభై ఏళ్ళుగా పని మానని మనిషి పదిన్నరకు ఇంట్లో కూర్చుని ఉంది. నేను గమనించాల్సిన మొదటి లక్షణం అదే. తాళం వేసి ఉంటే తప్పు పట్టిన దాన్ని, తలుపు తెరిచి ఉంటే ఎందుకు తెరిచి ఉందని అడగలేదు.

వీధిలోకి వచ్చాక హుసేన్‌బీ అంది. "అక్కా, ఆమె దగ్గుతాంది గాని తుమ్ముతా లేదు, చూస్తివా? పక్కనే మూట ఉండాది. నాకు తుమ్ము ఆగల్యా, ఆమెకు ఒక్కటీ రాల్యా."

"నీకు డాక్టరు పట్టా ఎప్పుడిచ్చినారే?" అన్నాను నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది. నేను తప్పు చేస్తున్నానని ఆమెకు అప్పుడే తెలుసని తర్వాత ఒప్పుకుంది. "నువ్వు పెద్దదానివి అక్కా, ఇంకా ఎట్లా చెప్పేది?" అంది. మీ కింద పనిచేసేవాళ్ళు మీ ముందు నవ్వి ఊరుకుంటున్నారంటే, అమ్మాయిలూ, కాస్త భయపడండి.

మిరపకాయలకు పాస్ ఉంది

మూడో రోజు పొద్దున ఆరుకు హుసేన్‌బీ ఫోన్.

"అక్కా, తిప్పమ్మ పండుకోలేకుండా కూర్చునే ఉండాది. మాట్లాడతా లేదు. జల్దీ రా."

స్కూటర్ ఎట్లా నడిపానో తెలియదు. మిషను వేలికి పెడితే ఎనభై కంటే కిందికి చూపించింది. ఆమె పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూసి ఏదో అనబోయి అనలేక, చెయ్యి పట్టుకుంది.

అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ముందు ఇంకా ఆరు కేసులున్నాయన్నారు. పాపం వాళ్ళ తప్పు కాదు, ఆ రోజులు అట్లాంటివి. బసవరాజ్ సార్‌కు ఫోన్ చేశాను. "బెడ్ ఒందు, ఒకటే ఉంది సిస్టర్, నేను పట్టి పెడతా. కానీ ఎక్కువసేపు ఆపలేను. ఎట్లనైనా తీసుకురండి" అన్నాడు. ఎట్లనైనా అంటే ఎట్లా? ఆటోలు బంద్. కాలనీ మగవాళ్ళను తీసుకుపోయే టెంపో కిక్కిరిసి వెళ్ళిపోయింది. రోడ్డు మీద కంపెనీ బస్సు పోతోంది, సీటుకు ఒకరు చొప్పున కూర్చుని. నేను చేయి ఎత్తాను. డ్రైవర్ తల అడ్డంగా ఊపి పోయాడు. అతనికీ రూలు ఉంటుంది కదా.

తిప్పక్కను ఇద్దరం భుజాల కింద పట్టుకొని కొళాయి మలుపు దాకా తెచ్చాం. అప్పుడు కాలువ వైపు నుంచి సుబ్బారావు గారి పికప్ బండి వచ్చింది. వెనక మిరపకాయల మూటలు, అద్దం మీద పాస్ అంటించి ఉంది. వ్యవసాయ సరుకు కదా, దానికి అనుమతి ఉంది. హుసేన్‌బీ రోడ్డుకు అడ్డంగా పోయి నిలబడింది.

"సార్, మిరపకాయలకు పాస్ ఉండాది, మనిషికి లేదు. ఈమెను ఆస్పత్రికి చేర్చండి సార్. మీ మిరపకాయలే ఒలిచింది ఈమె."

ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని ఒక క్షణం తిప్పక్క వైపు చూశాడు. ఇంట్లో ఎనభై ఏళ్ళ తల్లి ఉంది, నాకు తెలుసు. ఆ క్షణం ఆయన ఏం ఆలోచించాడో దానికి నేను ఆయన్ని ఏమీ అనను.

"వెనక ఎక్కించండి సిస్టర్ గారూ" అన్నాడు. "మూటల మీద ఆనుకోబెట్టండి, పడిపోకుండా. నేను నెమ్మదిగా కాదు, గట్టిగానే పోతాను, పట్టుకోండి."

టార్పాలిన్ కింద ముగ్గురం కూర్చున్నాం. బండి గతుకుల్లో ఎగిరినప్పుడల్లా మూటల్లోంచి ఘాటు లేచింది. రెండు మాస్కులున్నా నాకు కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. హుసేన్‌బీ తుమ్మి తుమ్మి మోకాళ్ళ మీదికి వంగిపోయింది. మా ఇద్దరి మధ్య తిప్పక్క మూట మీద చెంప ఆనించి, కళ్ళు తెరుచుకొని, ఊరికే ఉంది. ఒక్క తుమ్ము లేదు. నలభై ఏళ్ళు ఆ ఘాటుకు తుమ్మిన ముక్కుకు, ఈ జబ్బు వల్ల, అది తగలడం లేదు. మూడు రోజుల కింద హుసేన్‌బీ చెప్పింది ఇదే.

చెక్‌పోస్ట్ దగ్గర పోలీసు బండి ఆపాడు. "వెనక ఏముంది?" అన్నాడు.

"మిరపకాయలండీ" అన్నాడు సుబ్బారావు గారు. తర్వాత, "ఒక మనిషి కూడా ఉందండీ, ఊపిరాడటం లేదు" అన్నాడు.

పోలీసు టార్పాలిన్ ఎత్తి లోపలికి చూసి, రెండు తుమ్ములు తుమ్మి, చేత్తో పొమ్మన్నాడు. ఎవరో ఆ బిడ్డ, దేవుడు చల్లగా చూడాలి.

తిప్పక్క పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. నా కాన్పులప్పుడు కూడా నేను అంత ప్రార్థన చేసుకోలేదు. ఆమె బతికింది.

ఆ రోజే వెనక్కి వచ్చి, నేను "మిరపకాయ దగ్గు" అని రాసిన ప్రతి ఇంటికీ మిషనుతో పోయాను. ఇంకో ముగ్గురు దొరికారు. ఇద్దరు బాగయ్యారు. ఈరన్న అనే ఆయన మాకు దక్కలేదు. జ్వరానికి మాత్ర మింగి టెంపోలో పనికి పోయి వచ్చేవాడు. మూడు రోజులు మానితే ఆ చోట ఇంకొకరిని పెట్టుకుంటారని భయం. సెలవు పూట ఇంట్లో భార్య తీసే మూటల మధ్య దగ్గుతుంటే నేను అది కూడా మూట దగ్గే అనుకున్నాను. ఈరన్న పేరు పక్కన "మిరపకాయ దగ్గు" అన్న రెండు మాటలు నా గుండ్రటి అక్షరాల్లోనే ఉన్నాయి. ఆ పేజీని ఎవరూ చింపలేదు. చార్జి అప్పగించిన రోజు కొత్త అమ్మాయికి ఆ పేజీ తీసి చూపించే ధైర్యం నాకు లేకపోయింది. ఇది చదివితే తీసి చూసుకుంటుంది.

కొళాయి దగ్గర

తిప్పక్క ఆస్పత్రి నుంచి వచ్చాక పోయి, ఆమె ముందు కూర్చుని, నాదే తప్పని చెప్పాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు.

"తుమ్ము సంగతి మాకు ముందే తెలుసు గదా సిస్టరమ్మా. గోడౌన్లో కొత్త మూట విప్పితే ఎవరు తుమ్మల్యో వాళ్ళను దూరంగా కూర్చోబెడుతుంటిమి. నేను తుమ్మల్యా, అందుకే నన్ను ఇంటికి పంపిరి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు దగ్గుందా అని అడిగితివి. తుమ్ముందా అని అడగల్యా."

తిట్టినట్టు కూడా లేదు ఆ మాట. ఉన్నది చెప్పింది, అంతే.

నేను పోయి బసవరాజ్ సార్‌కు మొత్తం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. కాగితం తీసి రాసుకున్నాడు. "ఘాటు పూర్తిగా తెలియకపోతే అనుమానించాలి, మిషనుతో చూడాలి, తుమ్ము వచ్చినంత మాత్రాన వదిలేయకూడదు" అన్నాడు. సరైన మాట. తర్వాత నాతో కాలనీకి వచ్చాడు. ఆ ఏడు కూడా కట్టెలు అదే చోట కట్టి ఉన్నాయి. కొళాయికి, కట్టెలకు మధ్య పది అడుగులు. డాక్టర్ సార్ చొక్కా చేతులు మడిచి, ఇద్దరు కుర్రాళ్ళను పిలిచి, కట్టెలు ఊడబీకించి కొళాయికి అవతల పాతించాడు. పావుగంట పట్టింది. ఆ పావుగంట పనిని ఏడాది పాటు మేమెవ్వరం చేయలేదు.

మర్నాటి నుంచి నేను పొద్దున ఐదుకు కొళాయి దగ్గర స్టూలు వేసుకొని కూర్చున్నాను. నీళ్ళకు వచ్చినవాళ్ళు వరసలో వేలు చాపేవాళ్ళు. హుసేన్‌బీ "ఘాటు తెలుస్తాందా? మూట విప్పితే తుమ్ము వస్తాందా?" అని అడిగేది. తోరణగల్లు టెంపో కూడా అక్కడే ఆగేది కాబట్టి మగవాళ్ళూ దొరికేవాళ్ళు. అరవై ఇళ్ళ పని గంటన్నరలో అయిపోయేది. ఒక్క తాళం కూడా చూడలేదు. రాజమ్మ మేడం ఎక్కడి నుంచో నన్ను చూసి, ఆ రోజు తీసిన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకొని ఉంటుంది.

టీకాల సంగతి కూడా ఒకటి చెప్పాలి. మొదట్లో ఫోన్లో పేరు రాసుకున్నవాళ్ళకే. కాలనీలో స్మార్ట్‌ఫోన్లు ఎందరికున్నాయి? టౌన్ నుంచి కార్లలో వచ్చి మా సెంటర్‌లో సూది వేయించుకొని, మంచినీళ్ళ సీసా అడిగి తాగి పోయినవాళ్ళున్నారు. హుసేన్‌బీ ఆ కార్లను చూసి, "అక్కా, వీళ్ళు తిరిగితే తిరుగుడు కాదా? డాక్టర్ సార్ ఫోన్‌లో ఎర్ర రంగు రాదా?" అంది. డాక్టర్ సార్ పైవాళ్ళతో పోట్లాడి, కొన్ని డోసులు కొళాయి దగ్గరికే తెప్పించాడు. తిప్పక్క మొదట చేయి చాపింది. అది చూసి మిగతావాళ్ళు వచ్చారు.

గేటు అవతల

ఆ అల తగ్గే రోజుల్లో నాకూ కరోనా వచ్చింది. మా ఆయన పోయి ఆరేళ్ళు, కూతురు హుబ్బళ్ళిలో ఉంటుంది. బళ్లారి పొలిమేరలో రెండు గదుల ఇల్లు నాది, బాత్రూము లోపలే, ఫ్రిజ్జులో వారానికి సరిపడా కూరగాయలు. ఇంట్లో ఉండమంటే ఎంత సులువుగా ఉండొచ్చో అప్పుడు తెలిసింది. జ్వరం మామూలుగానే పోయింది గాని, వాసనా రుచీ పోయాయి. కాఫీ వేడినీళ్ళలా ఉండేది. ఒంటరిగా ఉన్న మనిషికి అది కూడా పోతే ఎంత దిగులో చెప్పలేను. రాత్రికి ఊపిరి ఆడకపోతే ఎవరికి తెలుస్తుందని భయపడ్డాను.

నాలుగో రోజు పొద్దున ఆరున్నరకు గేటు దగ్గర, "సిస్టరమ్మా!" అని కేక.

కిటికీ లోంచి చూస్తే తిప్పక్క. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. గేటుకు ఒక కాగితం పొట్లం కడుతోంది.

"ఈడ కట్టినా. నేను రోడ్డుకు ఆ పక్కకు పోతా. వచ్చి తీసి వాసన చూడు."

పొట్లంలో చిదిపిన మిరపకాయలు, గింజలతో సహా. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. తల అడ్డంగా ఊపాను.

"సరే, రేపొస్తా. వేలికి మిషను పెట్టుకొని చూసుకుంటాండావా? ఎంతుండాది?"

చెప్పాను. వేళ్ళ మీద గుర్తు పెట్టుకొని పోయింది.

రోజూ వచ్చింది. కాలనీ నుంచి మా ఇల్లు మైలు పైనే. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమెకు నాలుగడుగులేస్తే ఆయాసం. దారిలో రెండు చోట్ల కూర్చుని లేచి వస్తోందని పాలమనిషి చెప్పాడు. వద్దని ఎంత చెప్పినా వినలేదు.

"ఫోన్ చేస్తే చెప్తాను గదా తిప్పక్కా, ఇంత దూరం ఎందుకు నడుస్తావు?" అని ఒక రోజు కిటికీ లోంచి అరిచాను.

"ఫోన్లో దొంగ తుమ్ము తుమ్మితే నాకేం తెలుస్తాది?" అంది.

తొమ్మిదో రోజు పొట్లం విప్పీ విప్పకముందే ముక్కు చురుక్కుమంది. ఒకటి, రెండు, మూడు తుమ్ములు. కళ్ళ నీళ్ళు కారిపోయాయి. రోడ్డు ఆ పక్క నుంచి తిప్పక్క రెండు చేతులూ చరిచి, "ఆయ్తు! బతికితివి పో!" అని నవ్వింది. ఆ నవ్వులోంచి దగ్గు వచ్చి, మైలురాయి మీద కూర్చుని తీరిగ్గా దగ్గి, లేచి పనికి పోయింది. నేను గేటు పట్టుకొని చాలాసేపు ఏడ్చాను. జీతాలూ సన్మానాలూ ఒక ఎత్తు, నా ముప్పై నాలుగేళ్ళకు నాకు దక్కింది ఆ పొట్లం.

ఆ పొట్లాలన్నీ దాచుకున్నాను. కొత్తగా చేరిన అమ్మాయి మళ్ళీ వస్తే ఒకటి ఇస్తాను.

ఆమెకు చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది. తిప్పక్క వచ్చిన ఆ పొద్దుల్లో ఎవరైనా బ్యాగు తగిలించుకొని సర్వేకు కాలనీకి పోయి ఉంటే, ఆమె ఇంటికి తాళమే కనబడి ఉండేది.